విప్పని జెర్సీ

ఫియోరెంజో ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ స్టేడియంలోనే ఉన్నాడు గానీ, కళ్ళారా చూసిన ఆట మాత్రం చాలా తక్కువ. కూర్వాకి, అంటే గోల్ వెనక వంపు గ్యాలరీలో చేరే వీరాభిమానుల గుంపుకి, పెద్దగా ఉండేవాడి పని అలాంటిది. ఆ గ్యాలరీలో కింది ఇనప కటకటాల మీదికెక్కి, మైదానానికి వీపు పెట్టి, జనానికి ఎదురుగా నిలబడాలి. చేతిమైకులో పాట అందుకోవాలి, డ్రమ్ముల వాళ్ళకి సైగ చెయ్యాలి, నోరు మూసుకుని కూర్చున్నవాడిని పేరు పెట్టి తిట్టాలి. ఆట ఎలా సాగుతోందో అతనికి జనం ముఖాల్లో తెలిసేది. నోళ్ళు తెరుచుకుంటే మనవాళ్ళు దూసుకెళ్తున్నట్టు. చేతులు నెత్తి మీదికి పోతే బంతి పోస్టుకి తగిలినట్టు. ముందు వరసలో కూర్చునే వాళ్ళమ్మ ఎల్వెజియా సిలువ గుర్తు వేసుకుంటే పెనాల్టీ అన్నట్టు.

మిగతా రోజుల్లో అతను పోర్తొరీవా రేవులో, చేపల వేలం హాల్లో ఐసు పెట్టెలు మోస్తాడు. మైకు పట్టుకున్న గొంతే అక్కడా పనికొస్తుంది.

ఆ ఊళ్ళో అతను గొప్పగా చెప్పుకునే సంగతి ఒక్కటే ఉంది. ఎమీడియో స్పినోజ్జి అతని స్నేహితుడు. చర్చి వెనక సిమెంటు నేల మీద ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. పదిహేనో ఏట ఇద్దరూ కలిసి ఉత్తరాదిన ఒక పెద్ద క్లబ్బు సెలక్షన్లకి వెళ్ళారు. ఎమీడియోని ఉంచుకున్నారు. ఫియోరెంజోకి ఒక శాండ్‌విచ్ చేతిలో పెట్టి రైలెక్కించారు. ఆ రైల్లో ఏడ్చాడా అని ఎవరైనా అడిగితే, "ఏడవడమేంటి? శాండ్‌విచ్‌లో హామ్ బాగుంది," అనేవాడు.

ఆ తరవాత ఎమీడియో బతుకంతా సూట్‌కేసులోనే గడిచింది. పెద్ద క్లబ్బు అతన్ని టస్కనీలో ఒక జట్టుకి అద్దెకిచ్చింది. అక్కణ్ణుంచి సిసిలీ, అక్కణ్ణుంచి ఆల్ప్స్ కింద మంచు కురిసే ఊరు. రెండో డివిజన్‌లో ఒక ఏడాది అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. మొదటి డివిజన్‌లో ఆడింది ఒక్క సీజనే. ఆ సీజన్లో మిలాన్‌లో తలతో ఒక గోల్ కొట్టాడు. ఆ ఆట రాత్రి జరిగింది. మర్నాడు చేపల వేలం హాల్లో టీవీలో అది మళ్ళీ చూపిస్తున్నప్పుడు, ఫియోరెంజో వేలం పాడేవాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి సౌండు పెంచాడు. "చూడండ్రా! ఎవడ్రా గాల్లోకి లేచింది? మావాడు! వాడికా ఎగరడం నేర్పింది నేనే. మా చర్చి గోడ మీద అంజూరపళ్ళు కోయించి నేర్పించాను!" ఎమీడియో మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయింది. అప్పుడూ ఫియోరెంజో బొలోన్యా ఆస్పత్రికి ఉప్పుచేప పులుసు గిన్నె మోసుకెళ్ళాడు. దారిలో రైలుపెట్టె అంతా వాసనే.

ముప్ఫై మూడో ఏట ఎమీడియో ఇంటికొచ్చాడు. సొంత ఊరి జట్టు మూడో డివిజన్‌లో కిందా మీదా పడుతున్న రోజులవి. ఇంకో క్లబ్బు ఎక్కువ జీతం ఇస్తానన్నా కాదని వచ్చాడు. ఊరేగింపులు అవీ ఏమీ లేవు. మొదటి ఆటకి ముందు ఆకుపచ్చ జెర్సీ తొడుక్కుని, కూర్వా ముందుకొచ్చి చెయ్యెత్తాడు. ఫియోరెంజో కటకటాల మీద వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి, మళ్ళీ జనం వైపు తిరిగి, గొంతు పోయేదాకా పాడించాడు.

అది మూడేళ్ళ కిందటి మాట. ఈ ఏడాది జట్టు నాలుగో డివిజన్‌కి జారిపోయేలా ఉంది. ఇంకా మూడు ఆటలే మిగిలాయి.

గురువారం సాయంత్రం రేవు పక్క బార్లో కూర్వా వాళ్ళంతా కూడారు. మిర్కో అనే కుర్రాడు బల్ల మీద చరిచి లేచాడు. స్కూటర్ల షాపులో మెకానిక్కు. నోరూ పెద్దది, గొంతూ పెద్దది.

"అన్నా, ఇంక ఓపిక పట్టేది లేదు. ఈ ఆదివారం కూడా ఓడితే జెర్సీలు విప్పించాల్సిందే. ఆ రంగు వేసుకునే యోగ్యత వీళ్ళకి లేదు."

ఇలా విప్పించడం చాలా ఊళ్ళలో ఉన్నదే. పరువు తీసిన జట్టుని ఆట అయ్యాక కూర్వా ముందుకి పిలుస్తారు. ఆటగాళ్ళు ఒంటి మీది జెర్సీలు విప్పి గడ్డి మీద పెట్టి, వట్టి బనీన్లతో తలొంచుకుని వెళ్ళాలి. ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పుకోదు, జరిమానాలు వేస్తుంది. అయినా జరుగుతూనే ఉంటుంది. పోర్తొరీవాలో మాత్రం ఇంతవరకూ ఎప్పుడూ జరగలేదు.

"ఎమీడియో కూడానా?" అనడిగాడు ఫియోరెంజో.

"అందరూ అంటే అందరూ. వాడు నీ ఫ్రెండని వాడికో రూలు, మాకో రూలా?"

బారంతా అతని వైపే చూసింది. ఫియోరెంజోకి చెవులు వేడెక్కాయి. స్నేహితుడి కోసం రంగుని తక్కువ చేశాడన్న మాట తన మీద పడకూడదనుకున్నాడు. "అందరికీ ఒకటే రూలు," అన్నాడు. ఆ మాటైతే అనేశాడు గానీ, చేతిలో గ్లాసు ఖాళీ చెయ్యకుండానే ఇంటికొచ్చేశాడు.

ఆదివారం జట్టు మూడు గోల్స్ తిని ఓడిపోయింది. ఒక్కటీ తిరిగి కొట్టలేదు.

ఆఖరి విజిల్ మోగగానే మిర్కో కటకటాలు పట్టుకుని ఊపేశాడు. "విప్పండి! విప్పండి!" అని కూర్వా అంతా ఒకే గొంతుతో అందుకుంది. డ్రమ్ములు ఆ మాటకే దరువేశాయి. ఆటగాళ్ళు మైదానం మధ్యలో కాసేపు తచ్చాడి, చివరికి గొర్రెల మందలా ఈ వైపుకొచ్చారు. ముందు గోల్‌కీపర్ విప్పాడు. తరవాత డిఫెండర్లు. పంతొమ్మిదేళ్ళ లెఫ్ట్ వింగర్ జెర్సీ తల దగ్గర ఇరుక్కుపోయి, లోపలే ఏడుస్తూ గింజుకున్నాడు. గడ్డి మీద ఆకుపచ్చ కుప్ప పెరిగింది.

ఎమీడియో మాత్రం విప్పలేదు. చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. కనుబొమ్మ పగిలి ప్లాస్టరు వేసి ఉంది.

"చెప్పన్నా! నువ్వు చెప్తే వింటాడు," అని మిర్కో ఫియోరెంజో చెవిలో అరిచాడు.

ఫియోరెంజో ఈసారి మైదానం వైపు తిరిగి మైకెత్తాడు. "ఎమీడియో. విప్పు."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా? స్కోరు బోర్డు కనపడట్లేదా?"

"మైకులో ఊరందరికీ వినపడేలా కాదు. ఇలా కిందికొచ్చి అడుగు. నీ చేత్తో నువ్వే విప్పు."

కూర్వా హోరెత్తింది. "వెళ్ళన్నా! విప్పెయ్!" మిర్కో అతని చేతిలోంచి మైకు లాక్కుని వీపు తట్టాడు. గేటు దగ్గరున్న సెక్యూరిటీ మనిషి చేపల హాల్లో రోజూ కనపడేవాడే. "గొడవ చెయ్యకు, ఫియోరెంజో. నా ఉద్యోగం పోతుంది," అంటూనే గొళ్ళెం తీశాడు.

గడ్డి మీద నడవడం అతనికి కొత్త. దగ్గరికొచ్చేసరికి ఎమీడియో ఊపిరి ఇంకా అందుకుంటూనే ఉన్నాడు.

"విప్పరా బాబూ," అన్నాడు ఫియోరెంజో గొంతు తగ్గించి. "ఒక్క నిమిషం పని. విప్పి పక్కన పెట్టు, వాళ్ళు చల్లారిపోతారు. నన్ను ఇరకాటంలో పెట్టకు."

"ఇరకాటంలో ఉన్నది నువ్వా?" ఎమీడియో నవ్వలేదు. "ఫియో, నేను ఎన్ని ఊళ్ళ జెర్సీలు వేసుకున్నానో నీకు తెలుసు. ప్రతి ఊళ్ళోనూ ఒకరోజు ఎవడో ఒకడు ఆఫీసులోంచి ఫోన్ చేశాడు. నిన్ను అమ్మేశాం, సామాన్లు సర్దుకో అన్నాడు. సిసిలీలో అయితే అన్నం తింటుండగా చెప్పారు. సరే అన్నాను, విప్పాను, ఇచ్చాను. ఒక్కచోట కూడా మారు మాట్లాడలేదు. వాళ్ళు తొడిగింది, వాళ్ళు తీసుకున్నారు. ఇది మాత్రం ఎవరూ తొడగలేదు. నేనే వచ్చి అడిగి వేసుకున్నాను. ఎప్పుడు విప్పాలో నాకు తెలుసు. మోకాలు చెప్తుంది."

"అదంతా నాకు తెలీదా? కానీ జనం..."

"జనం సంగతి తరవాత. నువ్వు చెప్పు. ఇవాళ నేనెలా ఆడాను?"

ఫియోరెంజో స్కోరు బోర్డు వైపు చూశాడు.

"రెండో గోల్ పడినప్పుడు నేనెక్కడున్నాను? చెప్పు. ఈ కనుబొమ్మ ఎవడు పగలగొట్టాడు? ఎప్పుడు?"

ఫియోరెంజో గుర్తు తెచ్చుకోబోయాడు. మొదటి గోల్‌కి అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండోదానికి మిర్కో డ్రమ్ముని తన్నాడు. మూడోదానికి పై వరసల్లోని ముసలాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అన్ని ముఖాలూ గుర్తున్నాయి. ఎమీడియో మాత్రం ఎక్కడా లేడు.

"మూడేళ్ళయింది నేనొచ్చి," అన్నాడు ఎమీడియో. "మూడేళ్ళుగా నేను కొట్టిన ప్రతి గోల్‌కీ నీ వీపే చూశాను. నేనేమీ అనుకోలేదు. నీ పని అది, నీ పాటే మమ్మల్ని నడిపించింది. కానీ ఫియో, చూడనివాడివి, ఆడలేదని జెర్సీ విప్పించడానికెలా వచ్చావురా?"

ఫియోరెంజో తల దించుకుంటే ఎదురుగా ఆ జెర్సీయే కనపడింది. రొమ్ము మీద అడ్డంగా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, తెల్లటి పట్టీ. జట్టు జెర్సీకి అలాంటి పట్టీ లేదు. వేలు పెట్టి తాకాడు. సున్నం. వేలికంటింది.

"ఏంట్రా ఇది?"

"గీత."

"ఏ గీత?"

"మన గోల్ గీత. నాలుగోది లోపలికి పోతుంటే అడ్డం పడ్డాను." ఎమీడియో చెయ్యి విసిరాడు, అదో పెద్ద సంగతి కాదన్నట్టు. "అప్పుడే అవతలి జట్టువాడి బూటు తగిలింది."

స్ట్రైకర్ అనేవాడు అవతలి గోల్ దగ్గర ఉండాల్సినవాడు. ముప్ఫై ఆరేళ్ళ స్ట్రైకరు, రెండుసార్లు కోయించుకున్న మోకాలితో, ఓడిపోయిన ఆటలో, మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి పరిగెత్తుకొచ్చి తన గోల్ గీత మీద రొమ్ముతో పడ్డాడు. అదంతా తన వీపు వెనక, తను పాట పాడిస్తుండగా జరిగింది. ఫియోరెంజోకి ముందు సిగ్గేసింది. ఆ వెంటనే, సిగ్గుని తోసేస్తూ, మిలాన్ గోల్ నాడు పొంగినట్టే గుండె పొంగింది. ఆ రోజుకంటే ఎక్కువే పొంగింది.

చెయ్యి ఇంకా జెర్సీ మీదే ఉంది. కూర్వా చూస్తోంది, విప్పబోతున్నాడనుకుని "ఆ! ఆ!" అని అరుస్తోంది.

అతను చెయ్యి తీసేశాడు. పక్కనున్న ఆకుపచ్చ కుప్ప దగ్గరికెళ్ళి వంగి, అందినన్ని జెర్సీలు చంకన పెట్టుకున్నాడు. ఒక్కొక్కరి చేతికీ ఇవ్వడం మొదలుపెట్టాడు. "పట్టుకో. వేసుకో. నీదేనా? ఎవరిదైతేనేం, వేసుకో ముందు." గోల్‌కీపర్‌కి వింగర్ జెర్సీ దొరికి బొడ్డు దాకానే వచ్చింది. వింగర్ కళ్ళు తుడుచుకుంటూ ఎవరిదో డిఫెండర్ జెర్సీలో మునిగిపోయాడు.

కూర్వాలో ఈలలు మొదలయ్యాయి. మిర్కో మైకులో అరిచాడు. "ఏం చేస్తున్నావన్నా? గురువారం ఏమన్నావు, ఇప్పుడేం చేస్తున్నావు? మాట మీద నిలబడవా?"

ఫియోరెంజో దగ్గర మైకు లేదు. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని వట్టి గొంతుతోనే అరిచాడు. "గురువారం తప్పు చెప్పాను! ఇతని జెర్సీ మీద మన గోల్ గీత సున్నముంది. మీలో ఎంతమంది చూశారు, చేతులెత్తండి!"

చేతులు లేచాయి. ఒకటీ అరా కాదు, వరసల కొద్దీ లేచాయి. అందరూ చూశారు. చూడనివాడు అతనొక్కడే.

"చూసి కూడా విప్పమన్నారా?"

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ముందు వరసలోంచి ఎల్వెజియా గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. ఆవిడ మిర్కో పంట్లాం పట్టుకుని లాగుతోంది. "దిగరా కిందికి! ఆ పిల్లాడు నీ పుట్టుకకి ముందు నుంచీ ఆడుతున్నాడు. నీ స్కూటర్లు సరిగ్గా నడుస్తున్నాయా? మొన్న నా మేనల్లుడి స్కూటర్‌కి బ్రేకు పడక బేకరీలోకి పోయింది! ఎవరైనా నీ చొక్కా విప్పించారా?"

ఎక్కడో పై వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు కింది దాకా జారింది. ఈలలు పూర్తిగా ఆగలేదు గానీ, డ్రమ్ములు ఆగాయి.

ఫియోరెంజో ఇంకా ఏదో అనబోతే ఎమీడియో అతని భుజం మీద చెయ్యేశాడు. "చాల్లే, ప్రసంగాలొద్దు. రేపు పొద్దున ప్రాక్టీసుంది, కుర్రాళ్ళకి చలేస్తోంది." కృతజ్ఞతలేమీ చెప్పలేదు. మిగతావాళ్ళని ముందు నడవనిచ్చి, తను చివరగా, కూర్వా ఈ మూల నుంచి ఆ మూల దాకా, కుంటకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ నడిచాడు. తెల్ల పట్టీ జనానికి కనపడేలా రొమ్ము విరుచుకుని నడిచాడు. కొందరు ఈల వేశారు. కొందరు లేచి నిలబడ్డారు. అతను ఎవరి వైపూ చూడలేదు.

ఆ సాయంత్రం బార్లో ఫియోరెంజోయే ముందు మాట్లాడాడు. "మైకు నువ్వే ఉంచుకో, మిర్కో."

మిర్కో ఇబ్బందిగా కదిలాడు. "నేను లాక్కున్నాననుకోకన్నా. కూర్వా ఒక మాటనుకున్నాక పెద్దవాడు దాన్ని తప్పితే..."

"తప్పాను. అందుకే ఉంచుకోమంటున్నాను. గొంతు కాపాడుకో, ఆట మొదట్లోనే అంతా అరిచెయ్యకు. మొదటి సగం అయ్యాక చెంచాడు తేనె చప్పరించు. ఇంకోటి, డ్రమ్ముని తన్నకు. అది చందాలతో కొన్నది."

ఆ తరవాతి ఆదివారం జట్టు బయట ఊళ్ళో డ్రా చేసుకుంది. ఆఖరి ఆట సొంత ఊళ్ళో. ఓడకుండా ఉంటే చాలు, మూడో డివిజన్‌లోనే నిలుస్తుంది.

ఫియోరెంజో తల్లిని వెంటబెట్టుకుని పక్క గ్యాలరీలో టికెట్టు కొనుక్కున్నాడు. కుర్చీలుండే గ్యాలరీ అది. రిటైరైనవాళ్ళు కాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. కూర్వా పాట దూరం నుంచి వినపడుతోంది. మిర్కో బాగానే పాడిస్తున్నాడు, కొంచెం తొందరపడుతున్నాడు. ఫియోరెంజో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

మొదటి సగమంతా ఎమీడియో వెంటే చూపు తిప్పాడు. మొదట అతనికేమీ అర్థం కాలేదు. ఎమీడియో పరిగెడతాడు, బంతి రాదు. మళ్ళీ నడిచి వెనక్కొస్తాడు. మళ్ళీ పరిగెడతాడు, బంతి రాదు. మధ్యలో చెయ్యి చాపి వింగర్‌కి ఏదో చూపిస్తాడు. డిఫెండర్‌ని మోచేత్తో పొడుస్తాడు, రెఫరీ చూస్తే అమాయకంగా చేతులెత్తేస్తాడు. ఫియోరెంజోకి నవ్వొచ్చింది. చర్చి వెనక సిమెంటు నేల మీదా ఇదే వేషం.

రెండో సగంలో కుడివైపు నుంచి బంతి గోల్ ముందుకి తేలుతూ వచ్చింది. ఎమీడియో దగ్గరి పోస్టు వైపు దూసుకెళ్ళాడు. అతన్నెక్కడ వదిలేస్తామోనని ఇద్దరు డిఫెండర్లు వెంటపడ్డారు. బంతి వాళ్ళ ముగ్గురి తలల మీదుగా పోయింది. అవతలి పోస్టు దగ్గర ఖాళీ చోట పంతొమ్మిదేళ్ళ వింగర్ ఒక్కడే ఉన్నాడు. కాలు పెట్టాడు. గోల్.

స్టేడియం లేచింది. పక్క కుర్చీలోని ముసలాయన దుప్పటి కింద పడేసి ఫియోరెంజోని కౌగిలించుకున్నాడు. అక్కడ వింగర్ మీద జట్టంతా కుప్పగా పడింది. ఎమీడియో కింద పడ్డచోటే మోకాలు పట్టుకుని కూర్చుని, చిన్నగా చప్పట్లు కొడుతున్నాడు.

"చూశావా ఆ కుర్రాణ్ణి!" అన్నాడు ముసలాయన, ఊపిరి తీసుకుని. "మీ స్పినోజ్జి మాత్రం పాపం, ఇవాళ బంతి ముట్టుకోనే లేదు. వయసైపోయిందిలే."

"బంతి ముట్టుకోలేదా?" ఫియోరెంజో లేచి నిలబడ్డాడు. "అయ్యా, మీరు చూసింది ఏంటి? ఆ ఇద్దరూ ఎవరి వెంట పడ్డారు? ఆ కుర్రాడి ముందు అంత జాగా ఎలా వచ్చింది? ఊరికే వచ్చిందా? ఇదిగో, మీరు పోస్టు అనుకోండి. ఈవిడ, మా అమ్మ, ఒక డిఫెండరు..."

"నేను డిఫెండర్నేంట్రా?" అంది ఎల్వెజియా.

"నువ్వుండమ్మా. వాడు ఇక్కణ్ణుంచి ఇలా వచ్చాడు. బంతి తనకి రాదని వాడికి ముందే తెలుసు. తెలిసే పరిగెత్తాడు. తెలిసి అంత ప్రాణం పెట్టి పరిగెత్తేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?"

"ఏమోనయ్యా, నేను బంతినే చూశాను."

"బంతిని అందరూ చూస్తారండీ!"

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "ఓ పెద్దమనిషీ! కూర్చోవయ్యా, మాకు కనపడట్లేదు!"

ఎల్వెజియా కోటు పట్టుకుని లాగింది. ఫియోరెంజో కూర్చున్నాడు గానీ, మెడ చాచి చూస్తూనే ఉన్నాడు. ఆట మళ్ళీ మొదలైంది. ఎమీడియో లేచి, కాలు ఒకసారి విదిలించుకుని, ఎవరూ బంతి ఇవ్వని చోటికి మళ్ళీ పరుగందుకున్నాడు.